వాసెన కట్టిన జాడీ

మా ఇంట్లో గంజాయి ఆరబెట్టే గదీ, మా తుంగ పడుకునే గదీ ఒకటే. వినడానికి బాగోదని నాకూ తెలుసు. కానీ కళ్యాణదుర్గం ఎండల్లో చీకటిగా, చల్లగా ఉండే గది ఇల్లు మొత్తానికి అదొక్కటే. పాతకాలపు మట్టి మిద్దె, పడమటి వైపు కిటికీ కూడా లేదు. మూర్ఛ వచ్చి తగ్గాక పిల్లకి వెలుతురు పడదు. కోసిన కొమ్మలకీ వెలుతురు పడదు. రెంటికీ ఆ గదే దిక్కయింది.

మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లల ఇళ్లలో కొన్ని మొక్కలు పెంచుకోవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చి అప్పటికి చాలాకాలమైంది. పెరట్లో ఇనుప వల, దానికి తాళం, అప్పుడప్పుడూ వచ్చి మొక్కల్ని చూసిపోయే ఒక అధికారి. అంతా పద్ధతిగానే ఉండేది. అయినా ఆటో ఎక్కి "గంజాయోళ్ల ఇంటికి పోనీ" అంటే చాలు, అడ్రసు చెప్పకుండానే మా గడప ముందు దింపేవాళ్లు.

తుంగకి ఆ పేరు మా మామ పెట్టాడు. తుంగభద్ర నీళ్లు ఏదో ఒక రోజు మా చేలకి వస్తాయని ఆయన ఆశ. నీళ్లు రాలేదు, ఆయన పోయాడు, పిల్లకి ఫిట్స్ వచ్చాయి. మాత్రలన్నీ వాడి చూశాం. పనిచేసింది ఈ పూల నూనె ఒక్కటే, అదీ పూలు సరిగ్గా మాగితేనే.

ఆ మాగడమే మా దగ్గర కుదరదు. మొదటి పంట కొమ్మల్ని దండేనికి తలకిందులుగా కట్టాను. మర్నాటికే పూలు అప్పడాల్లా పెళపెళలాడాయి. ఆరిపోయాయని సంబరపడి కాడ విరిచి చూస్తే లోపల ఇంకా పచ్చి. వడగాలికి పై తడి పోయి, లోపలి తడి లోపలే చిక్కుకుపోయింది. ఆ నూనెకి ఎండుగడ్డి వాసన. అదే తుంగ నాలుక కింద వేశాం. బడిలో ప్రార్థన జరుగుతుంటే పడిపోయింది, గడ్డం చీలింది. మరోసారి గదిలో తడి గోనెపట్టాలు కట్టాను. ఈసారి బూజు పట్టింది.

అప్పుడు మా ఆయన తిప్పేస్వామి రంగంలోకి దిగాడు. ఊరి బయట ఉన్న పరిశోధనశాలలో ఆయన ఉద్యోగం. చదివింది పాచి గురించి, డాక్టరేటు కూడా దాని మీదే. మా స్నానాల గదిలో పాచి మాత్రం నేనే రుద్దాలి.

మా వైపు రాతిగుండ్ల మీద బూడిద రంగులో, నారింజ రంగులో ఒక పాచి అతుక్కుని ఉంటుంది. ఎన్ని వేసవులు మాడినా చావదు. అది ఒక ప్రాణి కాదు, ఒక కాపురం అనేవాడు తిప్పేస్వామి. పైన బూజు తేమను పట్టి ఉంచుతుంది, దాని కడుపులో దాక్కున్న నాచు ఇద్దరికీ వంట చేస్తుంది. ఆయన ఆ పాచిలో జన్యువులు మార్చాడు. ఎంత పొడిగాలిలోంచైనా తేమ పట్టేలా, తన చుట్టూ ఎప్పుడూ ఒకే పాటి నెమ్ము ఉండేలా చేశాడు. నెమ్ముపాచి అని పేరు పెట్టి, మట్టి జాడీల లోపలి గోడకి పూత పూశాడు. పూలు నింపి మూత పెడితే, లోపల తడి ఎక్కువైతే పాచి తాగుతుంది, తక్కువైతే వదులుతుంది.

ఆ చలికాలం జాడీలోంచి తీసిన పూలకి దబ్బకాయ తొక్క గిల్లినట్టు వాసన వచ్చింది. ఆ నూనె మొదలుపెట్టాక తుంగ ఒక్కసారీ పడిపోలేదు. సైకిలు నేర్చుకుంది. మూర్ఛ పిల్ల సైకిలు తొక్కడం చూడని వాళ్లకి నా సంతోషం అర్థం కాదు. వీధి మలుపు దాకా వెనకే పరుగెత్తి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఎండాకాలం వచ్చేసరికి ఆ నూనె సీసాలో సగానికి దిగింది. కొత్త పంట కోసి, ఆరబెట్టి, రెండు జాడీలు నింపాం. సీసా అయిపోయేలోగా జాడీలు మాగాలి. మా బతుకంతా అప్పుడు ఆ రెండింటి మధ్యే ఉంది.

ఒక పొద్దున నేను గదిలోకి వెళ్లేసరికి మా అత్త హంపమ్మ జాడీల మూతలు తీసి పక్కన పెట్టింది. మామ పాత పంచె చింపి, ఆ తెల్లగుడ్డని ఒక జాడీ మూతి మీద బిగించి పురికొసతో కడుతోంది, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టే.

"ఏందత్తా, ఏం చేస్తాండావు?"

"మూత కింద చెమట పట్టిండాది చూడు మే. చెమట పట్టిన జాడీకి బూజు రాకుండా యాడికి పోతాది? వాసెన కడితే గాలి ఆడతాది, దుమ్ము పడదు."

"నీ కొడుకు చూస్తే అరుస్తాడు."

"వాని ముడ్డి కడిగింది నేను. అరవనీ."

ఆయన అరవలేదు. వాసెన విప్పి చెయ్యి పెట్టి చూశాడు, తేమ కొలిచే పుల్ల గుచ్చి చూశాడు. మూత పెట్టినప్పటికంటే నెమ్ము నిలకడగా ఉంది. పూలు మెత్తగా, జిగటగా, ఘుమఘుమలాడుతున్నాయి. గదిలో గాలి చూస్తే నిప్పులకొలిమి.

"అమ్మా, నువ్వు మా ల్యాబులో చేరు," అన్నాడు. హంపమ్మ ముఖం చూడాలి అప్పుడు.

మర్నాడు ల్యాబులో ఆ సంగతి గొప్పగా చెప్పాడు. ఆయనతో కలిసి పనిచేసే షరీఫా మాత్రం వెంటనే మెచ్చుకోలేదట. "మూత పెట్టే గదా స్వామీ మనం పరీక్షలన్నీ చేసింది? తెరిచిపెడితే ఆ నెమ్ము యాడి నుంచి వస్తాంది?" అని అడిగిందట.

"గాలిలోంచి."

"మన ఊరి గాలిలో ఏముండాదని?"

ఆయన నవ్వేశాడు. ఆ వారంలోనే జిల్లాలో మాలాంటి ఇళ్లకి జాడీలు పంపుతున్నారు. ప్రతి జాడీతో పాటు ఒక తెల్లగుడ్డ ముక్క, ఒక పురికొస కూడా పెట్టించాడు. చీకటి గదిలో ఉంచమని చెప్పి పంపాడు. మూర్ఛ పిల్లలున్న ఇంట్లో చీకటి గది ఎవరిదై ఉంటుందో మా ఇంటిని చూసైనా మాకు తట్టలేదు.

ఆ తర్వాత ఇంట్లో చిన్న చిన్నవి మొదలయ్యాయి. తుంగ పెదవులు పగిలాయి. ఎండాకాలం కదా అని వెన్న రాశాను. గదిలో గోడ మీద ఎప్పుడూ ఉండే బల్లి కనిపించడం మానేసింది. పీడ పోయిందనుకున్నాను. తుంగ మంచం పక్కన కూజా నిండా నీళ్లు పెడితే పొద్దునకల్లా ఖాళీ.

"నాలిక అంటుకోనిపోతాంది మా," అని లేచేది. కళ్లు గుంటలు పడ్డాయి.

తర్వాత ఒక ఉదయం పళ్లు తోముకుంటూ పడిపోయింది. చలికాలం నుంచి రానిది వచ్చింది. నేను పక్కకి తిప్పి పట్టుకుని, నురగ తుడుస్తూ, ఆగే దాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. సాయంత్రం మళ్లీ వచ్చింది.

డాక్టరుని అడిగి చుక్కలు పెంచాం. సీసా ఇంకా తొందరగా అడుగంటుతోంది, ఫిట్స్ ఆగడం లేదు. జాడీలు మాత్రం అద్భుతంగా మాగుతున్నాయి. వాటిని చూసుకునే ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఇంకొన్నాళ్లు ఓర్చుకో తల్లీ, కొత్త నూనె వస్తోంది అని పిల్లకి చెప్పేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఫిట్ వచ్చి తగ్గాక తుంగ అలసి నిద్రపోయింది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. నిద్రలో తన ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. నా చూపు జాడీ మీద పడింది. వాసెన గుడ్డ కొంచెం లోపలికి గుంట పడింది, మళ్లీ బిగిసింది. మళ్లీ గుంట పడింది. కాసేపు ఫ్యాను గాలి అనుకున్నాను. ఫ్యాను ఆపేశాను. గుడ్డ ఆగలేదు.

అప్పుడు గమనించాను. పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా గుడ్డ లోపలికి పోతోంది.

లేచి వెళ్లి ముట్టుకున్నాను. వాసెన సగం తడిగా ఉంది, మంచం వైపు సగం. గోడ వైపు సగం ఎండిపోయి గరగరలాడుతోంది. అంతలో తుంగ నిద్రలోనే రెండో జాడీ వైపు తిరిగి పడుకుంది. నేను కదలకుండా నిలబడి చూశాను. కాసేపటికి ఈ జాడీ గుడ్డ ఆరిపోయింది, తన ముఖం ఉన్న వైపు జాడీ గుడ్డ మీద తడి మచ్చ తేలింది.

పిల్లని ఎత్తుకుని వసారాలోకి పరుగెత్తాను. నిద్ర చెడిపోయి అది ఏడుస్తుంటే, దాని కంట్లో నీళ్లు రావడం లేదని అప్పుడు చూశాను.

ఒక జాడీని చంకలో పెట్టుకుని ఆటోలో ల్యాబుకి వెళ్లాను. దారిలోనే నా గొంతు ఎండిపోయింది. తిప్పేస్వామి విన్నాడు, నమ్మలేదు.

"ఎండకు నీకు అట్ల అనిపించింటాది మల్లీ. అది పాచి. నోరుండే జంతువు కాదు."

"అయితే నువ్వే పోయి దాని మంచంలో పడుకో," అన్నాను. నా గొంతు ల్యాబంతా వినిపించింది. వినిపించనీ అనుకున్నాను.

పడుకున్నాడు. పంతం మనిషి, ఇంట్లో ఉన్న రెండో జాడీ పక్కన తల పెట్టి పడుకున్నాడు. పొద్దు వాలేసరికి తనంతట తనే బయటికి వచ్చాడు. ముక్కులోంచి రక్తం కారుతోంది. గడప మీద కూర్చుని చెంబు తర్వాత చెంబు నీళ్లు తాగాడు. తర్వాత ఫోను తీసుకుని జాడీలు పంపిన ఇళ్లన్నిటికీ వరసగా ఫోన్లు చేశాడు. "పిల్లల్ని ఆ గదిలోంచి తీసేయండి, ఇప్పుడే, ఈ నిమిషమే" అని ప్రతి ఇంటికీ చెప్పాడు. చాలా ఇళ్లలో పిల్లలకి ఫిట్స్ ఎక్కువయ్యాయట. వాళ్లూ ఎండాకాలం అనుకున్నారట.

హంపమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"నేనే గదా కట్టింది," అంది.

"నువ్వు మా ఇంట్లో కట్టినావు. ఊర్లకు పంపింది నేను," అన్నాడు తిప్పేస్వామి. ఆమె విన్నట్టు లేదు.

నాకు ఇద్దరి మీదా కోపమే. అంత తెలివిగల పాచికి మూతి తెరిచిపెట్టిన ఆమె మీద, తెరిచిపెడితే ఏమవుతుందో చూడకుండా సంబరపడిన ఆయన మీద. నా మీద కూడా. ఆ గుడ్డ కట్టేటప్పుడు పురికొస అందించింది నేనే.

మూత పెట్టేస్తే సరిపోతుందనుకున్నాం. నేను ల్యాబుకి తీసుకెళ్లిన జాడీకి షరీఫా మూత బిగించింది. మర్నాడు తెరిస్తే లోపల పూలు లేవు, బూడిద లాంటి పొడి ఉంది. తెరిచిన మూతికి అలవాటుపడి పాచి వేలెడు మందాన పెరిగిపోయింది. బయటి నుంచి నెమ్ము ఆగేసరికి పూలని పీల్చేసింది. ఇంకో ఇంటి నుంచి తెప్పించిన జాడీ పక్కన తడిగుడ్డ పెట్టి చూసింది. నల్లగా బూజు పొంగింది.

"వట్టి నీళ్లిస్తే దాంట్లో బూజు ఒక్కటే బలుస్తాంది," అంది షరీఫా నాతో. "మనిషి ఊపిరిలో నెమ్ముతో పాటు బొగ్గుపులుసు గాలి గూడా ఉంటాది గదా అక్కా. అది నాచుకు తిండి. రెండూ కొంచెం కొంచెంగా, వెచ్చగా అందుతాయి. అందుకే మీ ఇంట్లో పూలు అంత బాగ మాగింది."

"ఆ పని చేసే మిషను చేయలేరా?"

"చేయొచ్చు. కానీ వానాకాలం దాటుతాది."

సీసాలో నూనె ఆ వారానికి కూడా చాలదు. తిప్పేస్వామి మళ్లీ ఇళ్లన్నిటికీ ఫోన్లు చేసి జాడీలు పగలగొట్టేయమన్నాడు. ఎందుకని అడిగిన వాళ్లకి పూలు పాడైపోయాయని చెప్పాడు. ఊపిరి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏ తల్లి ఆ గదిలో కూర్చోకుండా ఉంటుంది?

మా ఇంట్లో మిగిలిన జాడీని మాత్రం మేము పగలగొట్టలేదు.

ఆ మాట మా ముగ్గురిలో ఎవరూ పైకి అనలేదు. భోజనాలయ్యాక హంపమ్మ చెంబు నిండా నీళ్లు తీసుకుని గదిలోకి పోయి జాడీ పక్కన చాప వేసుకుంది. ఆమె తర్వాత నేను, నా తర్వాత తిప్పేస్వామి. వంతులు పెట్టుకున్నాం. నీళ్లు తాగుతూ కూర్చోవాలి, తల తిరిగితే వెంటనే లేచి రావాలి అని షరతు పెట్టాడు ఆయన. లోపల కూర్చున్నంతసేపూ వాసెన గుడ్డ నా ఎదురుగా లోపలికీ బయటికీ ఆడుతూ ఉండేది. చంటిపిల్లగా పాలు తాగేటప్పుడు తుంగ దవడ ఇలాగే ఆడేదని గుర్తొచ్చేది. బయటికి వస్తే ఉమ్మి మింగడం కూడా కష్టంగా ఉండేది.

"నా గదిలో మీరందరూ ఏం చేస్తాండారు?" అని తుంగ వసారాలోంచి అడిగేది.

"నీ మందు మాగబెడ్తాండాం," అనేది హంపమ్మ.

పిల్లకి నీళ్లు బాగా పట్టించడంతో ఫిట్స్ తగ్గాయి కానీ ఆగలేదు. సీసాలో నూనె అయిపోయిన రోజు పొద్దున ఒకటి వచ్చింది. అది ఆగలేదు. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైంది. ముఖం నీలంగా మారింది. తిప్పేస్వామి బండి స్టార్ట్ చేశాడు, నేను పిల్లని మధ్యలో పెట్టుకుని పట్టుకున్నాను. ఆసుపత్రిలో సూది వేశాక గానీ తగ్గలేదు. "మళ్లీ ఇట్ల వస్తే చెప్పలేం," అన్నాడు డాక్టరు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరే పరుగులో నేను వెనక్కి తిరిగి చూసినప్పుడు హంపమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చెంబు ఉంది.

పొద్దు గూకే వేళకి ఇల్లు చేరాం. వసారాలో ఎవరూ లేరు. గది తలుపు తోశాను. లోపల గడియ పెట్టి ఉంది.

"అత్తా! గడియ తీయి!"

పలకలేదు. తిప్పేస్వామి భుజంతో రెండుసార్లు గుద్దాడు, మూడోసారి కాలితో తన్నాడు. తలుపు ఊడి పడింది. హంపమ్మ చాప మీద పక్కకి ఒరిగి ఉంది. ముఖం జాడీకి జానెడు దూరంలో ఉంది. పట్టుకుంటే చర్మం వేళ్ల మధ్య కాగితంలా మడత పడి అలాగే నిలబడిపోయింది. చెంబులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి, బయటికి వచ్చి ముంచుకోలేదు. వస్తే మేము లోపలికి పోనివ్వమని భయపడిందో, లేచే ఓపికే లేకపోయిందో.

వాసెన గుడ్డ నిండా తడిసి ఉంది.

అదే ఆసుపత్రిలో, తుంగ లేచి వచ్చిన మంచం పక్క మంచంలోనే ఆమెను పడుకోబెట్టారు. సెలైను మీద సెలైను ఎక్కించారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, ఇకమీదట మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సిందేననీ చెప్పారు. కళ్లు తెరిచాక ఆమె మొదటి మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. నేను చెవి దగ్గర పెట్టాను.

"నెమ్ము... సరిపోయిందా మే?"

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆమె అరచెయ్యి తీసుకుని నా చెంపకి ఆనించుకున్నాను. సరిపోయిందని చెప్పాను.

సరిపోయింది నిజంగానే. పూలు కాడ దాకా మాగి ఉన్నాయి. షరీఫా తన చేతులతో నూనె తీసి ఆసుపత్రికి తెచ్చి ఇచ్చింది. ఆ చుక్కలు తుంగ నాలుక కింద వేసేటప్పుడు నా చెయ్యి ఆగింది. తిప్పేస్వామి నా వైపు చూశాడు. హంపమ్మ కూడా మంచం మీంచి చూస్తోంది. వేశాను. ఆ తర్వాత ఒక్క ఫిట్ రాలేదు. పిల్ల అవ్వ మంచం చుట్టూ తిరుగుతూ, సెలైను చుక్కలు ఎక్కడ ఆగిపోతాయోనని కాపలా కాస్తూ ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం తిప్పేస్వామి ఫోను మోగింది. రాయదుర్గం నుంచి గంగరత్న అట. ఇంట్లో ఆమె, ఆమె కొడుకు ఇద్దరే ఉంటారు. ఆయన వరండాలో కాసేపు విని, ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అమ్మా, జాడీ పగలగొట్టమన్యారు సారు," అంది ఆమె. "నాకు చేయి రాలేదు. మావోనికి నూనె అయిపోవస్తాంది. మీకూ ఒక పాప ఉండాదంట గదా. మీ ఇంట్లో గూడా పగలగొట్టినారా?"

పగలగొట్టామని ఒక్క మాట చెప్తే అయిపోయేది. ఎదురుగా మంచం మీద హంపమ్మ ఎండిన చెయ్యి, ఆ చేతిలో తుంగ చెయ్యి ఉన్నాయి.

"లేదు," అన్నాను.

"మరి మమ్మల్నేల పగలగొట్టమన్యారు?"

చెప్పాను. పాచి సంగతి, ఊపిరి సంగతి, వంతుల సంగతి, మా అత్త సంగతి, ఏదీ దాచలేదు. తిప్పేస్వామి వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను అటు తిరిగి చెప్పాను. ఫోనులో వాళ్ల వీధిలో ఎవరో కూరగాయలు అమ్ముతున్న కేక వినిపించింది.

"ఎంతసేపు కూర్చోవాల్నమ్మా?" అంది చివరికి. అప్పటికే నిశ్చయించుకుంది.

"గంగరత్నా, మీ గది తలుపుకి లోపల గడియ ఉండాదా?"

"ఉండాది. ఏల?"

"ముందు అది ఊడబెరికెయ్. నేను వచ్చేదాకా లోపలికి పోవద్దు. ఇప్పుడే బస్సెక్కుతాండా."